ఫార్ సైడ్ కొనేముందు: తొమ్మిది కిలోల పెట్టె, పాత గాలరీలు, ఉచిత వెబ్‌సైట్

అమెరికన్ కార్టూనిస్టు గ్యారీ లార్సన్ గీసిన 'ద ఫార్ సైడ్' కార్టూన్ల రుచి కొత్తగా తగిలినవాళ్లలో చాలామంది నేరుగా నెట్‌లోకి వెళ్లి 'ద కంప్లీట్ ఫార్ సైడ్' అనే బరువైన పుస్తకాల పెట్టె ధర చూసి గుడ్లు తేలేస్తారు. ఆ పెట్టె మంచిదే. మొదటి కొనుగోలుకి మాత్రం పనికిరాదు. ముందు కొనాల్సింది 1989లో వచ్చిన 'ద ప్రీహిస్టరీ ఆఫ్ ద ఫార్ సైడ్'. ఆ తర్వాత మూడు చిన్న సంకలనాల్ని కలిపి 'గాలరీ' పేరుతో వేసిన పెద్ద సంపుటాల్లో ఏదో ఒకటి. ఆ రెండూ అయ్యాక కూడా ఆకలి తీరకపోతే అప్పుడు పెట్టె సంగతి చూడొచ్చు.

సరుకు ఏమిటో ముందు చెప్పుకుందాం. నిలువుగా ఒకే ఒక్క గడి, దాని కింద ఒకటో రెండో లైన్ల క్యాప్షన్. కథ రేపటికి సాగదు, పేరున్న హీరో లేడు. ఆవులు, మొసళ్లు, సాలీళ్లు, గుహమానవులు, తెల్లకోటు శాస్త్రవేత్తలు, కొప్పు ఎత్తుగా కట్టి మూలలు తేలిన కళ్లద్దాలు పెట్టుకున్న లావుపాటి ఆడవాళ్లు వస్తూ పోతూ ఉంటారు. జంతువులు మనుషుల్లా సోఫాలో కూర్చుంటాయి, మనుషులు జంతువుల్లా బుర్ర లేకుండా ప్రవర్తిస్తారు. ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ లోకంలో అదంతా మామూలు మంగళవారం.

లార్సన్ 1950లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో పుట్టాడు. 1976లో ఆరు కార్టూన్లు ఒక ప్రకృతి పత్రికకి 90 డాలర్లకి అమ్మాడు. 1979లో 'సియాటిల్ టైమ్స్'లో వారానికొకటి చొప్పున 'నేచర్స్ వే' పేరుతో గీశాడు. దాన్ని తెచ్చి పిల్లల పదాల పజిల్ పక్కన వేశారు. పజిల్ నింపుకునే పిల్లాడి కంటికి పక్కనే ఆ వ్యవహారాలు కనబడితే తల్లిదండ్రులు ఊరుకుంటారా, ఫిర్యాదులు మొదలయ్యాయి. అదే ఏడు 'శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్' అతన్ని తీసుకుంది, పేరు 'ద ఫార్ సైడ్' అని మార్చింది. ఆ కబురు అందిన కొద్దిరోజులకే సియాటిల్ పత్రిక పాత శీర్షికని ఆపేసింది. ఫార్ సైడ్ 1980 కొత్త సంవత్సరం వేళ మొదలై 1995 జనవరి 1న ఆగిపోయింది. మధ్యలో 1988 చివర్నుంచి పద్నాలుగు నెలల సెలవు. మంచి ఊపులో ఉన్నప్పుడు 1,900 పత్రికలకి పైగా వేసేవి. బాగా నడుస్తున్న దశలోనే అలసట వల్లా, రేపు నాసిరకం గీస్తానేమోనన్న భయం వల్లా ఆపేశానని అతనే చెప్పాడు. కాబట్టి ఫార్ సైడ్ చదవడమంటే దాదాపు మూసేసిన ఖాతా చదవడం. రోజూ కొత్తది రాదు. ఉన్న నాలుగువేల పైచిలుకు బొమ్మల్ని ఏ దారిన, ఏ వేగంతో చదవాలన్నదే అసలు ప్రశ్న.

వేగం సంగతి ముఖ్యం. ఇవి రోజుకొకటి చొప్పున, టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదవడానికి గీసినవి. వరసగా నలభై చదివితే పెళ్లిభోజనంలో పదో గారె దగ్గర వచ్చే స్థితి వస్తుంది. గారె తప్పేం లేదు, నాలుకే మొద్దుబారింది. మరీ ముఖ్యంగా లార్సన్ నవ్వు ఒక చిన్న జాప్యం మీద ఆధారపడుతుంది. బొమ్మ చూస్తాం, ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, క్యాప్షన్ చదువుతాం, మళ్లీ బొమ్మకి వెళ్తాం, అప్పుడు వెలుగుతుంది. గబగబా పేజీలు తిప్పితే ఆ రెండో చూపు పోతుంది. రోజుకి రెండు పేజీలు మించకుండా చదివినవాళ్లకే ఈ పుస్తకాలు ఏళ్ల తరబడి నిలబడతాయి.

తెలుగు వారపత్రికల కార్టూన్లు చదివి పెరిగినవాళ్లకి ఇక్కడ ఒక అలవాటు అడ్డం వస్తుంది. మన దగ్గర ఎక్కువ జోకులు మాటలో ఉంటాయి. మొగుడూ పెళ్లాం, ఆఫీసరూ గుమాస్తా, డాక్టరూ రోగీ ఎదురెదురుగా నిలబడితే చాలు, నవ్వు సంభాషణలో వచ్చేస్తుంది. బొమ్మ లేకుండా ఫోన్‌లో చెప్పినా ఆ జోకు పండుతుంది. ఫార్ సైడ్ చాలావరకు అలా కాదు. మాటల్లేని కార్టూన్లంటే ఇష్టపడే తెలుగు పాఠకుడికే ఇది త్వరగా పట్టుబడుతుంది. అందుకే కళ్లు ముందు క్యాప్షన్ మీదకి జారకుండా చూసుకోండి. బొమ్మలో రాసి ఉన్న అక్షరాలు, తర్వాత మనుషుల చేతుల్లో ఏముందో, ఆ తర్వాత వెనక గోడ, కిటికీ. క్యాప్షన్ చివర్న.

బాగా పేరుపడ్డ ఒకటి తీసుకుందాం. ప్రతిభావంతులైన పిల్లల బడి అని బోర్డు. చంకలో పుస్తకం పెట్టుకున్న ఒక కుర్రాడు తలుపు మీద ఒంటి బరువంతా వేసి తోస్తున్నాడు. తలుపు మీద 'లాగండి' అని రాసి ఉంది. కింద సంభాషణ లేదు, అవసరం కూడా లేదు. బోర్డు చదివి తలుపు చదవకపోతే ఏమీ లేని బొమ్మ. ఇంకొకటి: పిల్లల జారుడుబల్ల అడుగున రెండు సాలీళ్లు అడ్డంగా గూడు అల్లేసి, ఇది గనక కుదిరితే మనకి రాజభోగమే అనుకుంటున్నాయి. పైన బల్ల ఎక్కుతున్న బొద్దు పిల్లాడు. మరొకటి: పుట్టుమచ్చగా గుండెల మీద గురిచూసే వలయాలున్న జింక. పక్కనున్న జింక అయ్యో పాపం అంటోంది, అంతే.

వీటిలో లార్సన్ కనిపెట్టిన కీలకం ఒకటుంది, ఎన్నో వందల బొమ్మల్లో అదే పనిచేస్తుంది. ఘోరం జరిగే క్షణాన్ని అతను దాదాపు ఎప్పుడూ గీయడు. దానికి ఒక క్షణం ముందు ఆపుతాడు, లేదా ఒక క్షణం తర్వాత మొదలుపెడతాడు. పిల్లాడు ఇంకా జారలేదు, జింకని వేటగాడు ఇంకా చూడలేదు. మిగతా పని పాఠకుడి బుర్రలో జరుగుతుంది, అక్కడ గీత కన్నా దారుణంగానే జరుగుతుంది. రెండో కీలకం మొహాలు. కళ్లద్దాల వెనక కళ్లు ఉండవు, లేకపోతే రెండు చుక్కలు. నోరు ఒక అడ్డగీత. తాము విచిత్రమైన పరిస్థితిలో ఉన్నామని పాత్రకి తెలిసినట్టు మొహంలో కనబడితే నవ్వు సగం పోతుంది. ఇతన్ని అనుకరించి గీసినవాళ్లు ఎక్కువగా తడబడేది సరిగ్గా ఇక్కడే. పాత్రల చేత నోళ్లు తెరిపిస్తారు, కళ్లు పెద్దవి చేయిస్తారు.

అర్థంకాక వదిలేయాల్సినవి కూడా ఉంటాయి. 1982 అక్టోబర్‌లో వచ్చిన 'కౌ టూల్స్' అలాంటిదే. ఒక బల్ల, దాని మీద నాలుగు మొద్దు వస్తువులు, వెనక రెండు కాళ్ల మీద నిలబడ్డ ఆవు. క్యాప్షన్‌లో ఆవు పనిముట్లు అని తప్ప ఇంకేం లేదు. దేశమంతా పాఠకులు, పత్రికలవాళ్లు కూడా, ఇందులో జోకేమిటని ఉత్తరాలూ ఫోన్లూ కుమ్మరించారు. చివరికి లార్సన్ ఒక వివరణ విడుదల చేయాల్సి వచ్చింది. ఆవే గనక పనిముట్లు చేసుకుంటే అవి ఇలాగే మొరటుగా ఉంటాయి, అంతకుమించి ఏం లేదు పొమ్మన్నాడు. ఒక వస్తువు రంపంలా కనబడటమే తన పొరపాటనీ, దాంతో మిగతా మూడూ ఏమై ఉంటాయో జనం వెతకడం మొదలుపెట్టారనీ ఒప్పుకున్నాడు. కొత్త పాఠకులు ఈ బొమ్మతో మొదలుపెట్టకూడదు. నెట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా తిరుగుతున్న వాటిలో ఇదొకటి కావడం దురదృష్టం.

పుస్తకాల్లోకి వద్దాం. 'ప్రీహిస్టరీ'ని ముందు కొనమనడానికి కారణం అది సంకలనం మాత్రమే కాదు, పనిశాల కూడా. పదేళ్ల సందర్భంగా వేసిన ఈ పుస్తకం నాలుగు భాగాలు. మొదట చిన్నప్పటి గీతలు, 'నేచర్స్ వే' రోజుల బొమ్మలు. తర్వాత ఒక ఆలోచన చిత్తుగీత నుంచి అచ్చుకి ఎలా చేరిందో, ఎక్కడ క్యాప్షన్ మార్చాడో, సంపాదకులు ఏవి వద్దన్నారో, అచ్చులో ఏవి చెడిపోయాయో. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పత్రికలో ఫార్ సైడ్ క్యాప్షన్, పక్కనే వచ్చే 'డెనిస్ ద మెనేస్' అనే వేరే కార్టూన్ క్యాప్షన్ ఒకదాని కిందకి ఒకటి మారిపోయిన ఉదంతం ఇక్కడే ఉంది. అలా మారాక రెండూ అసలు వాటికన్నా బాగున్నాయని లార్సన్ మెచ్చుకోవడం కూడా. మూడో భాగం పాఠకుల తిట్ల ఉత్తరాలు. నాలుగోది అతను ఏరిన బొమ్మలు. రెండు, మూడు భాగాలు చదివాక బొమ్మలు చూసే కన్నే మారుతుంది. ఆవు పనిముట్ల కథ కూడా ఇందులోనే దొరుకుతుంది కాబట్టి ఆ బొమ్మని ఇక్కడ కలవడం మేలు.

దీని తర్వాత గాలరీలు. ఇక్కడే డబ్బు వృథా అయ్యే అవకాశం ఎక్కువ. 1982 నుంచి దాదాపు ఏటా ఒకటీ రెండూ చిన్న సంకలనాలు వచ్చాయి. వాటిని మూడేసి చొప్పున కలిపి పెద్ద సైజులో అయిదు గాలరీలు వేశారు. చిన్నవీ కొని, గాలరీలూ కొంటే అవే బొమ్మలు రెండుసార్లు కొన్నట్టు. మొదటి గాలరీలో 'ద ఫార్ సైడ్', 'బియాండ్ ద ఫార్ సైడ్', 'ఇన్ సెర్చ్ ఆఫ్ ద ఫార్ సైడ్' ఉంటాయి. రెండో దానిలో 'బ్రైడ్', 'వ్యాలీ', 'ఇట్ కేమ్ ఫ్రమ్' అనే పేర్లతో మొదలయ్యే సంకలనాలు. మూడులో 'హౌండ్', 'అబ్జర్వర్', 'నైట్ ఆఫ్ ద క్రాష్-టెస్ట్ డమ్మీస్'. నాలుగులో 'వైల్డ్‌లైఫ్ ప్రిజర్వ్స్', 'వీనర్ డాగ్ ఆర్ట్', 'అన్‌నేచురల్ సెలెక్షన్స్'. అయిదులో 'కౌస్ ఆఫ్ అవర్ ప్లానెట్', 'ద చికెన్స్ ఆర్ రెస్ట్‌లెస్', 'ద కర్స్ ఆఫ్ మేడమ్ సి'. చివరి రోజుల బొమ్మలు ఏ గాలరీలోనూ లేవు. అవి 1996లో వచ్చిన 'లాస్ట్ చాప్టర్ అండ్ వర్స్'లో విడిగా ఉన్నాయి. అయిదు గాలరీలూ, ఈ చివరిదీ, ప్రీహిస్టరీ కలిపితే ఏడు పుస్తకాల్లో ముఖ్యమైనదంతా చేతికొస్తుంది.

ఒక్క గాలరీయే కొనేట్టయితే మూడోదో నాలుగోదో. మొదటి దానిలో ఆలోచనలు పదునుగానే ఉంటాయి గానీ గీత ఇంకా కుదురుకోలేదు. బొమ్మలో ఏది ముందు చూడాలో కన్నుకి దారి దొరకదు. 1980ల మధ్యకొచ్చేసరికి నలుపు నిండిన ముద్దలు, ఖాళీ స్థలం, పాత్రలు నిలబడే చోటు అన్నీ ఒక పద్ధతికొస్తాయి. మూడో గాలరీకి ముందుమాట పరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ రాశాడు, రెండోదానికి భయానక నవలల రచయిత స్టీఫెన్ కింగ్, నాలుగోదానికి హాస్యనటుడు రాబిన్ విలియమ్స్. అయిదోదానికి చింపాంజీల శాస్త్రవేత్త జేన్ గుడాల్. ఆవిడ రాయడం వెనక ఒక తమాషా ఉంది. 1987లో ఒక ఆడ చింపాంజీ తన మొగుడి ఒంటి మీద బంగారురంగు వెంట్రుక కనిపెట్టి, మళ్లీ ఆ గుడాల్‌తో 'పరిశోధన' చేసొచ్చావా అని నిలదీసే బొమ్మ వేశాడు. గుడాల్ సంస్థ తరఫున లాయరు నోటీసులాంటి ఘాటు ఉత్తరం వచ్చింది. ఆవిడకి మాత్రం ఆ బొమ్మ తెగ నచ్చింది. తర్వాత ఆ బొమ్మ టీషర్టుల మీద వచ్చిన లాభం ఆ సంస్థకే వెళ్లింది.

శాస్త్రం చదువుకున్నవాళ్లకి ఫార్ సైడ్ ఎక్కువ నచ్చడం యాదృచ్ఛికం కాదు. 1982 నాటి ఒక బొమ్మలో గుహమానవుడొకడు స్టెగోసారస్ అనే డైనోసార్ తోక మీది ముళ్ల గురించి పాఠం చెబుతూ, వాటివల్ల పోయిన థాగ్ సిమన్స్ పేరుతో వాటిని 'థాగోమైజర్' అంటారంటాడు. నిజానికి ఆ ముళ్లకి అప్పటిదాకా విడిగా పేరు లేదు. 1993లో కెన్ కార్పెంటర్ అనే పురాజీవ శాస్త్రవేత్త ఒక సదస్సులో ఆ మాటే వాడేశాడు, అలా చలామణిలోకి వచ్చింది. గుడ్లగూబల ఒంటి మీద బతికే ఒక పేను జాతికి స్ట్రిజిఫిలస్ గ్యారీలార్సనీ అని పేరు పెట్టారు. పేనుకి తన పేరు పెట్టారని గర్వపడ్డ కార్టూనిస్టు ఇంకొకడు ఉంటాడని అనుకోలేం.

అలాంటి పాఠకులు తప్పులు పట్టడంలోనూ ముందుంటారు. మొగ దోమ పని నుంచి ఇంటికొచ్చి, ఈరోజు సగం దేశానికి మలేరియా పంచి అలసిపోయానని పెళ్లాంతో చెప్పే బొమ్మకి ఉత్తరాలు వెల్లువెత్తాయి, కుట్టేది ఆడ దోమే కదా అని. దోమలు ఇంట్లో కాపురం పెట్టడం, బట్టలు వేసుకోవడం, ఇంగ్లిష్ మాట్లాడటం మాత్రం ఎవరికీ అభ్యంతరం కాలేదని లార్సన్ వాపోయాడు. పెంగ్విన్ల మధ్య మారువేషంలో చేరిన ధ్రువపు ఎలుగుబంటి బొమ్మకీ ఇదే గతి. అవి ఉత్తర ధ్రువానివి, ఇవి దక్షిణానివి. అడ్డదిడ్డమైన లోకానికి కూడా లోపల ఒక నియమం ఉండాలని పాఠకుడు పట్టుబడతాడన్నమాట.

ఇక ఆ పెట్టె. 'ద కంప్లీట్ ఫార్ సైడ్' 2003లో ఆండ్రూస్ మెక్‌మీల్ ప్రచురణ. గట్టి అట్టతో రెండు భారీ సంపుటాలు, వాటికి అట్టపెట్టె. మొత్తం 1,200 పైచిలుకు పేజీలు, 4,000కి పైగా కార్టూన్లు, అందులో అంతకుముందు ఏ పుస్తకంలోకీ ఎక్కనివి 1,100కి పైగా. ముందుమాట హాస్యనటుడు స్టీవ్ మార్టిన్‌ది. అప్పటి అచ్చు ధర 135 డాలర్లు. బరువు తొమ్మిది కిలోల దాకా. 2014లో ఇదే సరుకు మూడు సంపుటాల పేపర్‌బ్యాక్‌గా వచ్చింది.

దీని బలం కాలక్రమం. ఏడాది తర్వాత ఏడాది వరసగా ఉండటంవల్ల గీత ఎలా ముదిరిందో, ఏ సంవత్సరం ఆవులు మందలుగా దిగాయో, ఎడారి దీవి జోకు ఎన్నిసార్లు తిరిగొచ్చిందో కళ్లెదుట కనబడుతుంది. అక్కడక్కడా లార్సన్ రాసిన వ్యాసాలున్నాయి, పాఠకుల ఉత్తరాలున్నాయి. కాగితం మందం, ముద్రణ నలుపు చిన్న సంకలనాలకి అందనంత ఎత్తులో ఉంటాయి. సన్నని అడ్డగీతల నీడలు అతుక్కుపోకుండా విడివిడిగా పడ్డాయి.

బలహీనత కూడా కాలక్రమమే. 'అన్నీ' అంటే నిజంగా అన్నీ, తేలిపోయినవి కూడా. కొత్త పాఠకుడు మొదటి పేజీ నుంచి మొదలుపెడితే తొలి రెండేళ్ల తడబాటు గీత దాటాకే అసలు లార్సన్ దొరుకుతాడు. కొందరు అంతలోపే అలిసి పెట్టెలో పెట్టేస్తారు. తీయడానికి మళ్లీ చేతులు రావు, ఆ బరువుకి. పెట్టెతోనే మొదలుపెట్టక తప్పకపోతే రెండో సంపుటం ముందు తెరవండి.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఒక్కో సంపుటం నాలుగు కిలోలు దాటుతుంది. పడుకుని చదవడం కుదరదు, ఒళ్లో పెట్టుకుంటే పదినిమిషాలు. బల్ల మీద పరిచి చదవాలి. పెట్టెలోంచి తీసేటప్పుడు పుస్తకం వీపు పైఅంచుకి వేలు తగిలించి లాగడం మామూలు అలవాటు, ఇంత బరువుకి ఆ అంచు చిరుగుతుంది. పెట్టెని కాస్త ముందుకి వంచి, పుస్తకం రెండు అంగుళాలు జారాక రెండు పక్కలా పట్టుకుని తీయాలి. ఏళ్ల తరబడి నిలువుగా నిలబెడితే పేజీల దిమ్మ తన బరువుకి తనే కిందకి వేలాడి, లోపలి అట్ట కీలు దగ్గర ఊడుతుంది. పడుకోబెట్టి ఉంచడం క్షేమం. ప్లైవుడ్ కాని చౌక పార్టికల్ బోర్డు అర మధ్యలో పెడితే ఆ అర వంగుతుంది, గోడవైపు చివర్న పెట్టండి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో పాలిథిన్ చుట్టడం ఇంకా చెడుపు. లోపలి తేమ బయటికి పోక కాగితం అలలు తిరుగుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు నాలుగు ఫొటోలు అడిగి తీరాలి: పెట్టె అడుగు మూలలు, రెండు పుస్తకాల వీపు కింది అంచులు, మొదటి అట్ట తెరిచినప్పుడు కనబడే లోపలి మడత, పేజీల పక్క అంచు. పెట్టె మూల చితికినా ఫర్వాలేదు. లోపలి మడతలో గుడ్డ కనబడుతుంటే మాత్రం బైండింగ్ వదిలేస్తున్నట్టే. ఇంకొకటి, కొందరు ఒక్క సంపుటమే ఉన్నా శీర్షికలో 'కంప్లీట్' అని పెడతారు, అబద్ధం కూడా కాదు, పుస్తకం పేరే అది. సంపుటాలెన్నో రాతపూర్వకంగా అడగండి. ధర కన్నా ముందు రవాణా ఖర్చు చూడండి, విదేశం నుంచి తెప్పిస్తే ఒక్కోసారి అదే పుస్తకం ధరని దాటుతుంది. అమెరికా నుంచి వచ్చే బంధువులకి పురమాయించాలనుకునేవాళ్లు ఒకమాట గుర్తుపెట్టుకోండి. 23 కిలోల సూట్‌కేసులో ఇది తొమ్మిది కిలోలు తినేస్తుంది. రెండు సంపుటాలని రెండు సూట్‌కేసుల్లో సర్ది, ఖాళీ అట్టపెట్టెలో బట్టలు కుక్కి తెస్తే అది నలగదు. మొహమాటం ఉన్నచోట పేపర్‌బ్యాక్ చెప్పండి. ఇక్కడే ఉన్నవాళ్లకి గాలరీలే దారి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారులో అమెరికన్ కామిక్ సంకలనాల గుట్టలు తిరగేసే ఓపిక ఉంటే, పేరు కన్నా ముందు వెడల్పాటి పేపర్‌బ్యాక్ ఆకారం కోసం చూడండి.

డబ్బు పెట్టే ముందు రుచి చూడాలంటే అధికారిక వెబ్‌సైట్ ఉంది. ఏళ్లపాటు లార్సన్ తన బొమ్మలు నెట్‌లో పెట్టవద్దని అభిమానులకి ఉత్తరం రాసి మరీ అడిగాడు, సొంత పిల్లలు రాత్రిపూట ఎక్కడ తిరుగుతున్నారో తండ్రికి తెలియాలి కదా అన్న ధోరణిలో. 2019 డిసెంబర్ 17న తనే సైట్ తెరిచాడు. రోజూ పాతవాటిలోంచి కొన్ని ఏరి పెడతారు, ఒక్కో అంశం మీద గుత్తులు కడతారు, చిత్తు నోట్‌బుక్కుల పేజీలు చూపిస్తారు. 2020 జులైలో 'న్యూ స్టఫ్' పేరుతో కొత్త బొమ్మలు కూడా కొన్ని వచ్చాయి. సిరా కలంతో విసిగి, డిజిటల్ టాబ్లెట్ పట్టి, సరదా పుట్టి గీసినవి. రంగులు మెత్తగా, పాత గీతకన్నా చిత్రలేఖనంలా ఉంటాయి. ఇవి రోజువారీ కాదు, వచ్చినప్పుడు వస్తాయి. మళ్లీ గడువుల జీవితంలోకి వెళ్లనని అతను స్పష్టంగానే చెప్పాడు, కాబట్టి రోజూ కొత్తది కోసం తలుపు తట్టకండి.

సైట్ అసలు లోటు వెతుకులాట. ఎప్పుడో చూసిన ఫలానా బొమ్మ కావాలంటే తేదీతోనో మాటతోనో పట్టుకునే వీలు లేదు. ఆ పనికి పుస్తకమే గతి. రోజుకి గుప్పెడు మాత్రమే పెట్టడం మాత్రం, ముందు చెప్పిన వేగం లెక్కకి, సరిగ్గా సరిపోయింది. ఒక నెల రోజులు సైట్ చూసి, రోజూ ఒక్కదానికైనా రెండోసారి బొమ్మకి వెళ్లి నవ్వుతుంటే ప్రీహిస్టరీ కొనొచ్చు.

వాట్సాప్‌లో తిరిగేవాటితో జాగ్రత్త. క్యాప్షన్ కోసేసినవి, వేరే క్యాప్షన్ అతికించినవి, అతని శైలిలో ఇంకెవరో గీసినవి బోలెడు. గడిలో ఒక మూల లార్సన్ సంతకం కోసం చూడండి, క్యాప్షన్ అక్షరాలు గడి బయట కింద ఉన్నాయో లేదో చూడండి. మాట్లాడేవాళ్ల నోళ్ల పక్కన బుడగలు మరీ ఎక్కువగా ఉంటే అనుమానించాల్సిందే.

తెలుగు పాఠకులకి ఎంత అందుతుంది? జంతువులు, పురుగులు, గుహమానవులు, ప్రయోగశాల, నరకం, ఎడారి దీవి బొమ్మలు పూర్తిగా అందుతాయి, అవే ఎక్కువ. ఎలుగుబంటి మంచు ఇల్లు కొరికి, పైన కరకర లోపల మెత్తగా భలే ఉంటుందంటే దానికి అమెరికా తెలియనక్కర్లేదు. జారిపోయేవి ఆ కాలపు అమెరికన్ టీవీ, ప్రకటనలు, లోన్ రేంజర్ తరహా కౌబాయ్ పాత్రల మీద వేసినవి. అవి ఎదురైతే గూగుల్ చేయకుండా పేజీ తిప్పేయండి. వెతికి తెలుసుకుంటే సమాచారం మిగులుతుంది, నవ్వు రాదు.

మిగతా సరుకు త్వరగా చెప్పేస్తాను. 1998లో వచ్చిన 'దేర్స్ ఎ హెయిర్ ఇన్ మై డర్ట్' గడి కార్టూన్ కాదు, వానపాముల కుటుంబం చెప్పుకునే ఒకే కథ, ముందుమాట చీమల శాస్త్రవేత్త ఈ.ఓ. విల్సన్‌ది. జీవశాస్త్రం చెప్పే టీచర్లకి కానుకగా బాగుంటుంది. 1994 నాటి యానిమేషన్ 'టేల్స్ ఫ్రమ్ ద ఫార్ సైడ్' దొరికితే చూడండి, వెంటపడి వెతకక్కర్లేదు. ఆ బొమ్మలు కదలకుండా ఉంటేనే బాగుంటాయి. రోజుకో చీటీ చింపే పాత క్యాలెండర్లు వాడకానికి కాక దాచుకోవడానికి అమ్ముతుంటారు, వాటిలోవన్నీ పుస్తకాల్లోవే కాబట్టి డబ్బు పెట్టొద్దు.

లార్సన్ అయిపోయాక ఏం చదవాలని అడిగేవాళ్లు ముందుకి కాదు, వెనక్కి వెళ్లండి. లార్సన్ కన్నా ముందటి అమెరికన్ కార్టూనిస్టు బి. క్లిబన్ 1975లో 'క్యాట్' వేశాడు, మరుసటేడు 'నెవర్ ఈట్ ఎనీథింగ్ బిగ్గర్ దాన్ యువర్ హెడ్' వేశాడు. ఈ రెండోది తెరిస్తే ఒకే గడి, సూటి మొహాలు, అర్థం లేని పని అనే పద్ధతికి మూలం కనబడుతుంది. క్లిబన్‌లో పెద్దలకి మాత్రమే అనదగ్గ బొమ్మలు చాలా ఉన్నాయి, పిల్లలున్న ఇంట్లో అర పైన పెట్టండి. ఫార్ సైడ్‌కి ఆ బెడద తక్కువ. చావులూ తినేయడాలూ ఉంటాయి గానీ రక్తం అరుదు, పదేళ్లు దాటిన పిల్లలు నిక్షేపంగా చదువుకోవచ్చు. కాకపోతే జారుడుబల్ల కింద ఏముందో ఒకసారి చూసి ఎక్కుతారు.